షెఫీల్డుకు వెళ్ళిన పరీక్ష అట్ట

నేను ఒక అట్టను. పుస్తకాలకు వేసుకునే అట్టను కాదు. పరీక్షల రోజుల్లో పిల్లలు చంకన పెట్టుకుని పోయే, నెత్తిన ఇనప క్లిప్పు ఉన్న అట్టను. మన దేశంలో పరీక్ష రాసిన ప్రతివారి దగ్గరా నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. పరీక్ష కేంద్రాల్లో బల్లల సంగతి మీకు తెలుసు. ఒకదానికి కాలు పొట్టి. ఇంకొకదాని నిండా మూడు తరాల పిల్లలు కంపాసు ముల్లుతో చెక్కిన పేర్లు. కాగితం కింద నేను లేకపోతే కలం పోయి ఆ పేర్లలో దిగబడుతుంది. కాగితాన్ని మోయడం, కదలకుండా ఉండడం, ఇదే నా ఉద్యోగం. ఇందులో గొప్ప ఏమీ లేదు. ఒక పిల్ల చదువు ఆగిపోవడానికి నేను కారణమవుతానని మాత్రం అనుకోలేదు.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో. చెక్కపొట్టును ఉడికించి వత్తిన గోధుమరంగు పలకలు ఎక్కడినుంచో లారీలో వచ్చేవి. వాటిని కోసి, మూలలు గుండ్రంగా అరగదీసి, పైన క్లిప్పు పెట్టి రెండు రివిట్లు కొట్టేవారు. నాకు రివిట్లు కొట్టినావిడ ఆ పూట ఇంట్లో ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టుంది, రెండోది కాస్త వంకరగా దిగింది. మిగతా అట్టల్లా టక్కుమని మూసుకోవడం నాకు చేతకాదు. మాట్లాడబోయి మానుకున్న మనిషిలా ఒక గరగర శబ్దం వస్తుంది.

చీరాల రైల్వేస్టేషను దగ్గర ఒక పుస్తకాల కొట్లో నాలుగు నెలలు వేలాడాను. ఒకరోజు పొగాకు గోదాములో పనిచేసే యాకోబు అనే ఆయన వచ్చి, అట్టలన్నీ వంచి చూసి, వంగనిదాన్ని ఎంచుకున్నాడు. అది నేను. ఆయన కూతురు సలోమి గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. ఇంగ్లీషులో చదవాల్సిన చదువు. తెలుగు మీడియంలో పదో తరగతి గట్టెక్కిన పిల్ల. రాత్రనక పగలనక బట్టీ పట్టేది, తెల్లారేసరికి సగం మర్చిపోయేది.

మొదటి ఏడాది శరీర శాస్త్రం పరీక్ష ముందు హాస్టల్లో ఆమె స్నేహితురాళ్ళు నా వెనకవైపు తలో మాటా రాశారు. బాగా రాయి, ధైర్యంగా ఉండు, అలాంటివి. వాటి కింద సలోమి తనే ఒక ప్రార్థన రాసుకుంది: ప్రభువా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు. ప్రార్థన కింద ఇంకొక రెండు వరుసలు రాసింది. అది ప్రార్థన కాదు. గుండెలో రక్తం ఏ గది నుంచి ఏ కవాటం గుండా ఏ గదిలోకి పోతుందో, ఆ పేర్లు వరుసగా, తెలుగు అక్షరాల్లో, దూరం నుంచి చూస్తే వాక్యంలో భాగం అనిపించేలా రాసింది. రాస్తున్నంతసేపూ నన్నే చూసింది, చుట్టూ ఉన్న స్నేహితురాళ్ళ వైపు చూడలేదు.

పరీక్షలో గుండె ప్రశ్న రాలేదు. మూత్రపిండాల గురించి అడిగారు. అది ఆమెకు వచ్చు, సొంతంగా రాసింది. ఆ రెండు వరుసల్లోంచి ఒక్క ముక్క కూడా ఆమెకు పనికిరాలేదు. తర్వాత చెరిపేయాలని రబ్బరుతో, బ్లేడుతో కూడా ప్రయత్నించింది. బాల్‌పెన్ను సిరా నాలోకి ఇంకిపోయింది, పోలేదు.

ఆమె పాసయ్యింది, నర్సయ్యింది, ప్రభుదాసు అనే లారీ డ్రైవరును పెళ్ళి చేసుకుంది. నేను వంటింట్లో మంచినీళ్ళ బిందె మీద మూతనయ్యాను. చదువు పూర్తయ్యాక మనుషులు పరీక్ష అట్టల్ని ఏం చేస్తారో నాకు అప్పుడే తెలిసింది. పదిహేనేళ్ళకు పైగా బిందె మీదే ఉన్నాను. ఆ మధ్యలో ప్రభుదాసు ఒంగోలు దగ్గర లారీ బోల్తాపడి చనిపోయాడు. కూతురు కెజియా అప్పుడు నాలుగో తరగతి.

కెజియా పదో తరగతి పరీక్షలప్పుడు సలోమి నన్ను దించి, కడిగి, ఎండబెట్టింది. అట్ట మీద రాతలుంటే హాల్లోకి రానివ్వరు కాబట్టి, పుస్తకాలకు వేసే గోధుమరంగు కాగితాన్ని మైదాపిండి ఉడికించిన జిగురుతో నా వెనకవైపంతా అంటించింది. కొత్త అట్ట కొనిపెట్టొచ్చుగదా అని కూతురు అడిగితే, "ఇది కలిసొచ్చిన అట్ట, దీని మీదే రాయి" అంది. మనుషులు తాము భయపడ్డ వస్తువునే పిల్లలకు అదృష్టమని ఇస్తారు. ఎందుకో నాకు తెలియదు.

కెజియాకు ఆరొందలకు అయిదొందల ఎనభై మూడు వచ్చాయి. ఆ ఎండాకాలమే సలోమికి ఇంగ్లండులో, షెఫీల్డు అనే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆమె ముందు వెళ్ళింది. కెజియాను గుంటూరులో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో బైపీసీలో చేర్పించారు. ఆ ఏడాది నేను ఎన్ని పరీక్షలు మోశానో లెక్కలేదు. వారానికొకటి. ప్రతి సోమవారం గోడ మీద ర్యాంకులు అంటించేవారు. ఆ పిల్ల ఎప్పుడూ మొదటి అయిదుగురిలోనే. వృక్షశాస్త్రం లెక్చరరు ఒకరోజు క్లాసందరి ముందూ నన్ను ఎత్తి చూపిస్తూ, "జవాబంటే ఈ అట్ట మీదున్న జవాబులా ఉండాల. హెడ్డింగు, పాయింట్లు, బొమ్మ, కింద గీత. పుస్తకంలో మాట మార్చారా, మార్కు పోయినట్టే" అన్నాడు. కెజియా మాట మార్చేది కాదు. పేజీలు పేజీలు, కామా ఎక్కడుందో కూడా గుర్తుండేది. మొదటి సంవత్సరం నాలుగొందల నలభైకి నాలుగొందల ఇరవై ఎనిమిది వచ్చాయి. డాక్టరు కావాలని ఆ పిల్ల కోరిక. ఆ కోరికను అనుమానించడానికి అప్పటికి ఎవరికీ కారణం కనిపించలేదు.

వీసా వచ్చింది. సూట్‌కేసులో రెండు చలికోట్ల మధ్య నన్ను పెట్టుకుని కెజియా విమానమెక్కింది.

షెఫీల్డు కొండల మీద కట్టిన ఊరు. వాళ్ళున్న ఇల్లు ఒక నిటారు వీధిలో రెండో అంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు, ఉత్తరం గోడ ఎప్పుడూ చెమ్మ. పిల్లకు పదహారేళ్ళు నిండాయి గనుక అక్కడి పద్ధతిలో సిక్స్త్ ఫారంలో చేరాలి. మన ఇంటర్మీడియట్ లాంటిదే రెండేళ్ళ చదువు. కానీ కెజియా ఇంటర్ మొదటి ఏడాది అక్కడ లెక్కలోకి రాలేదు, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టమన్నారు. పదో తరగతి ఇంగ్లీషులో తొంభై ఎనిమిది వచ్చినా అదీ సరిపోదన్నారు. అక్కడ పదో తరగతి వయసు పిల్లలు రాసే ఇంగ్లీషు పరీక్ష కూడా పక్కన రాయాలన్నారు. చేర్చుకునే రోజు అక్కడి అధికారిణి మార్కుల జాబితా చూసి, "చాలా బాగుంది" అని నవ్వి, మడిచి వెనక్కిచ్చేసింది. కెజియా ఆ కాగితాన్ని తిరిగి నా క్లిప్పుకు పెట్టుకుంది. అందులో ఉన్న అంకెలకు ఆ ఊళ్ళో విలువ లేదని ఆ పిల్లకు అప్పుడే అర్థమైనట్టుంది.

మూడే సబ్జెక్టులు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, లెక్కలు. క్లాసుకు పద్నాలుగు మంది. యూనిఫాం లేదు. రోజులో సగం పీరియడ్లు ఖాళీ. ఆ ఖాళీల్లో ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఉపాధ్యాయుల్ని పేరుపెట్టి పిలవాలి. జీవశాస్త్రం చెప్పే ఆయన పేరు గ్రెగ్. నలభై దాటినవాడు, మంచి మనిషి. కెజియా నోటికి గ్రెగ్ అనే మాట రాలేదు. సార్ అంటే పిల్లలు నవ్వేవారు. ఆయన తలుపు తోసుకుని లోపలికి రాగానే ఆ పిల్ల లేచి నిలబడేది. మొదటివారం నవ్వారు, రెండోవారం నవ్వడం కూడా మానేశారు. నవ్వు ఆగిపోయాక ఆమెతో మాట్లాడ్డమూ ఆగిపోయింది.

ఒకరోజు గ్రెగ్ కణత్వచం గురించి చెబుతూ, "ఇక్కడ ఏం జరుగుతుందని నీకు అనిపిస్తోంది, కెజియా?" అన్నాడు.

ఆమె లేచి నిలబడి నిర్వచనం మొత్తం చెప్పింది. తడబడలేదు.

"సరే. అది పుస్తకం చెబుతోంది. నువ్వేమంటావు?"

ఆ పిల్ల నిలబడే ఉంది. పుస్తకంలో ఉన్నది కాక తను అనేదంటూ ఒకటి ఉండాలని ఆమెను అంతవరకు ఎవరూ అడగలేదు. అడక్కుండా చెప్పి ఉంటే కొట్టి ఉండేవారు. గ్రెగ్ కాసేపు చూసి, "పరవాలేదు, కూర్చో" అని ఇంకొకర్ని అడిగాడు. ఆ కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలి, తప్పు జవాబొకటి తీరిగ్గా చెప్పాడు. దానికి గ్రెగ్ "బాగా ఆలోచించావు" అన్నాడు. కెజియా వేళ్ళు నా అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

రాతపరీక్షల్లోనూ అదే వరస. అక్కడ ప్రశ్నపత్రంలోనే గీతలు గీసి ఉంటాయి, ఆరు మార్కులకు ఆరేడు గీతలు. అందులోనే ముగించాలి. కెజియా గీతలు దాటి, మార్జిన్లలోకి పోయి, అదనపు కాగితాలు అడిగి రాసేది. తెలిసినదంతా రాసేది. ఆరుకు రెండు వచ్చేవి. పక్కన గ్రెగ్ ఎర్రసిరా కాక ఆకుపచ్చ సిరాతో రాసేవాడు: ఇవన్నీ నిజమే, కానీ నేను అడిగినదానికి జవాబేది? ఆ కాగితాలు నా క్లిప్పు కింద పోగుపడ్డాయి. ఆ పిల్ల వాటిని ఇంట్లో తీసి, పక్కపక్కన పరిచి, చాలాసేపు చూసేది. తప్పు ఎక్కడుందో కనిపెట్టలేకపోయేది. అందులో తప్పు లేదు మరి. అదే ఆమె కష్టం.

సలోమికి పన్నెండు గంటల డ్యూటీలు. కూతురు లేచేసరికి తల్లి ఉండేది కాదు. తల్లి వచ్చేసరికి కూతురు పుస్తకాల ముందు వంగి ఉండేది. "ఎట్టుంది చదువు?" అని తల్లి అడిగేది. "బానే ఉంది మా" అని కూతురు చెప్పేది. ఇద్దరూ అలిసిపోయి ఉండేవారు గనుక ఆ జవాబుతో సరిపెట్టుకునేవారు.

చలికాలంలో గోడ చెమ్మకు నా వెనక అంటించిన కాగితం ఉబ్బి, ఒక మూల లేచింది. ఒక ఆదివారం కెజియా దాన్ని పట్టుకు లాగితే మొత్తం ఊడి వచ్చింది. కింద తెలుగు అక్షరాలు. ఆ దేశం వచ్చాక ఆమె ముఖంలో సంతోషం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మా, ఇది నీ రాతేనా?"

పొయ్యి దగ్గరున్న సలోమి వెనక్కి తిరిగింది. గరిటె అలాగే చేతిలో ఉండిపోయింది. "ఎప్పటిదో. దాని మీద మళ్ళా కాగితం అంటించెయ్యి."

"ఇక్కడ గుండె గదుల పేర్లేంది?"

"చదువుకునేటప్పుడు రాసుకున్నాలే."

కెజియా కాగితం అంటించలేదు. తల్లి తన వయసులో తనలాగే బట్టీ పట్టిందన్నమాట, అనుకున్నట్టుంది. ఆ అక్షరాలను వేలితో నిమిరింది. తర్వాత నుంచి క్లాసుకు నన్ను తప్పకుండా తీసుకెళ్ళేది. అక్కడ బల్లలన్నీ నున్నగా ఉన్నాయి, నా అవసరమే లేదు. అయినా చేతికింద నేను లేకపోతే ఆమె రాయలేకపోయేది. క్లాసు పరీక్షల్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, దాంతో నా వెనక రాతలు తప్పవుతాయని ఆమెకు తోచలేదు.

ఆ నెలల్లోనే ఒక సాయంత్రం అన్నం తింటూ సలోమి ఒక సంగతి చెప్పింది. ఆమె వార్డులో లిన్సీ అనే కేరళ నర్సు ఉండేది. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందటి సర్టిఫికెట్టులో ఏదో తేడా బయటపడిందట. విచారణ జరిగింది, నర్సుగా రిజిస్ట్రేషన్ పోయింది, దాంతో ఉద్యోగం, వీసా కూడా పోయాయి. ఇద్దరు పిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోయింది. "ఒక్క నెలలో అంతా అయిపోయింది" అంది సలోమి. అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది.

మొదటి సంవత్సరం చివర, జూన్‌లో, కాలేజీ తన సొంత పరీక్షలు పెట్టింది. బయటి బోర్డువి కావు. కానీ వాటిలో వచ్చినదాన్ని బట్టే ఫలానా పిల్లకు చివరికి ఫలానా గ్రేడు రావచ్చునని కాలేజీ అంచనా వేసి విశ్వవిద్యాలయాలకు పంపుతుంది. డాక్టరు చదువుకు దరఖాస్తు పెట్టాలంటే ఆ అంచనా, దానితోపాటు కాలేజీ రాసే సిఫారసు, రెండూ కావాలి. కెజియా ఆ పరీక్షకు వెర్రిగా చదివింది. మార్చి నుంచి కొంచెం కొంచెంగా అడిగినదానికే జవాబు రాయడం నేర్చుకుంది. ఆరుకు నాలుగు వచ్చాయి, ఒకసారి అయిదు వచ్చాయి. "ఇప్పుడు దారిలో పడ్డావు" అని గ్రెగ్ ఆకుపచ్చ సిరాతో రాశాడు. ఆ కాగితాన్ని ఆమె విడిగా దాచుకుంది.

పరీక్ష ఆటల హాల్లో. నలభై ఒకటో బల్ల. నన్ను బల్ల మీద పెట్టుకుని కెజియా పేపరు తెరిచింది. నాలుగో ప్రశ్న గుండె మీద. రక్తం ఏ దారిన ప్రవహిస్తుందో వివరించి, ఒక కవాటం సరిగా మూసుకోకపోతే ఏమవుతుందో రాయమన్నారు. ఆమె గుక్కతిప్పుకోకుండా రాసింది. ఆ పిల్లకు అది ఇంటర్ మొదటి ఏడాది నుంచే కంఠతా వచ్చు. చూసి రాయవలసిన ఖర్మ లేదు.

అదనపు కాగితం పెట్టుకోవడానికి నన్ను ఎత్తినప్పుడు, పక్కవరసలో నడుస్తున్న ముసలి పర్యవేక్షకుడు నా వెనకవైపు చూశాడు. దగ్గరకు వచ్చి వంగి, చప్పుడు చేయకుండా నన్ను ఆమె చేతికింద నుంచి లాగి తీసుకుపోయాడు. ఆమె తలెత్తి చూసింది. ఏమీ అర్థం కాలేదు. ఆయన మర్యాదస్తుడు, రాస్తూ ఉండమని చెయ్యి చూపించాడు. హాలు చివర మేజా మీద నుంచి నేను ఆమెను చూస్తున్నాను. కలం పట్టుకునే ఉంది. మిగిలిన గంటా రాసిందో లేదో నాకు తెలియదు.

నా వెనకనున్న అక్షరాలను ఫోనులో ఫోటో తీసి అనువాదం చేయించారు. ప్రార్థనను ఆ యంత్రం ఏదో గందరగోళంగా చెప్పింది. గుండె గదుల పేర్లు మాత్రం స్పష్టంగా చెప్పింది, అవి ఇంగ్లీషు మాటలే కనుక. పైగా కెజియా జవాబులో ఆ పేర్లు అదే వరుసలో ఉన్నాయి. గుండెలో రక్తం ఎవరు రాసినా అదే వరుసలో పోతుందని ఎవరికీ తోచలేదు.

రెండు రోజుల తర్వాత తల్లినీ కూతుర్నీ పిలిపించారు. చిన్న గది, మధ్యలో గుండ్రటి మేజా, మేజా మీద నేను. ఒకవైపు సిక్స్త్ ఫారం పెద్ద కారల్, గ్రెగ్, పరీక్షల వ్యవహారాలు చూసే జూన్ అనే పెద్దావిడ. ఇంకొకవైపు సలోమి, కెజియా. సలోమి డ్యూటీ మధ్యలో వచ్చింది, కోటు కింద నర్సు దుస్తులు కనిపిస్తున్నాయి.

కారల్ మెత్తగానే మాట్లాడింది. "ఇవి పాత రాతల్లా ఉన్నాయి. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చెబితే మా నిర్ణయంలో చాలా తేడా ఉంటుంది. పొరపాటున తెచ్చిందంటే అర్థం చేసుకోగలం."

కెజియా తల్లి వైపు తిరిగింది. ముఖంలో ఏ బెంగా లేదు. తల్లి ఒక్కమాట చెబితే అయిపోతుందని ఆ పిల్ల ధీమా.

"మీకు తెలుసా, ఇది ఎవరి చేతిరాతో?" అని కారల్ సలోమిని అడిగింది.

"తెలియదు" అంది సలోమి.

గ్రెగ్ కెజియాను చూసి, కారల్‌తో ఏదో గొణిగాడు. అయిదు నిమిషాలు ఇద్దర్నీ మాట్లాడుకోనిద్దామని ముగ్గురూ బయటికి వెళ్ళి తలుపు వేశారు.

"తెలియదన్నావేంది మా" అంది కెజియా.

సలోమి మూసిన తలుపు వైపు చూసింది.

"నీ రాతే గదా. టెన్త్ అప్పుడు దాని మీద కాగితం అంటించింది నువ్వే గదా."

"లిన్సీ సంగతి మర్చిపోయావా."

"లిన్సీకి దీనికీ ఏంది సంబంధం? చదువుకునేటప్పుడు రాసుకున్నా అన్నావు. చదువుకునేటప్పుడు రాసుకుంటే తప్పేముంది?"

సలోమి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "పరీక్షకే రాసుకున్నా" అంది. "ఆ గుండె ప్రశ్న రాలా. చూసి రాసింది ఒక్క ముక్క లేదు. దేవుడి సాక్షి."

కెజియా కుర్చీ కొంచెం వెనక్కి జరిపింది. "మరి ఆ మాటే వాళ్ళకి చెప్పు."

"ఎట్టా చెప్పను? ఇది కాయితం మీద ఎక్కితే ఆసుపత్రిదాకా పోద్ది. రిజిస్ట్రేషన్ తీసేస్తారు. నా ఉద్యోగం పోతే నీకు మాత్రం వీసా ఏడుంటది? ఇద్దరం పోవాల్సిందే. పోయి ఏం చేస్తాం? అక్కడ నీ ఇంటర్ కూడా సగంలో ఆగిపోయిందాయె."

"నేను చూసి రాయలేదు మా. నాకు వచ్చు అది. మొత్తం వచ్చు."

"నాకు తెలుసు నాన్నా."

"నీకు తెలిస్తే ఏం లాభం?"

సలోమి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదేమో. "నీకింకో పరీక్ష ఉంటది" అంది. "నాకింకో ఉద్యోగం రాదు."

"మరి నేనేం చెప్పాల?"

సలోమి నావైపు చూసింది. కూతురి వైపు చూడలేదు. ఇరవై ఏళ్ళ కిందట ఆ రెండు వరుసలు రాస్తున్నప్పుడు కూడా ఆమె చూపు ఇలాగే ఉంది. నేను ఏదైనా చెప్పగలిగితే చెప్పేవాణ్ణి. నాకున్న నోరు ఒక క్లిప్పు, దాన్ని ఎవరైనా తెరిస్తేగానీ తెరుచుకోదు.

తలుపు తెరుచుకుంది. ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. కెజియా లేచి నిలబడింది. క్లాసులో ఎవరూ నిలబడని ఆ దేశంలో, జవాబు చెప్పేముందు ఆ పిల్ల మళ్ళీ లేచి నిలబడింది.

"నేనే రాశాను" అంది ఇంగ్లీషులో.

గ్రెగ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సలోమి ఆమె చెయ్యి పట్టుకుని ఆపలేదు. నేను దగ్గరగా ఉన్నాను, చూశాను. చెయ్యి మేజా మీదిదాకా వచ్చి ఆగిపోయింది.

జీవశాస్త్రంలో సున్నా వేశారు. నన్ను ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తేదీ రాసి, జూన్ తన గదిలో అద్దాల బీరువాలో పెట్టింది. అక్కడినుంచి నాకు తెలిసింది ఆ గదిలో విన్నదీ, అద్దంలోంచి కనిపించినదీ మాత్రమే.

అక్టోబరులో డాక్టరు చదువుకు దరఖాస్తుల గడువు. కారల్ వచ్చి జూన్‌తో అంది: "నిజాయితీ గురించి అడిగే చోట నేనేం రాయను? అబద్ధం రాయలేను. ఆ పిల్లకు చెప్పేశాను, ఈ ఏడాది పెట్టొద్దని." జూన్ తల ఊపింది. "ఏమంది?" అని అడిగింది. "థాంక్యూ అంది."

తర్వాత కెజియా ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ఆలస్యమైనవాళ్ళు జూన్ కిటికీ దగ్గర సంతకం పెట్టాలి. నవంబరులో వారానికొకసారి కనిపించింది, జనవరికి రోజూ. సంతకం పెడుతున్నంతసేపూ బీరువా వైపు చూసేది కాదు. చిక్కిపోయింది. ఒకసారి జూన్, "ఇంట్లో అంతా బాగానే ఉందా, అమ్మాయ్?" అని అడిగితే, "బాగానే ఉంది" అంది. తల్లికి చెప్పిన జవాబే, అదే గొంతుతో.

ఫిబ్రవరిలో పద్దెనిమిదేళ్ళు నిండాయి. వృద్ధుల ఆశ్రమంలో వారాంతాల పనికి చేరింది. మార్చిలో గ్రెగ్ జూన్ గదికి వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. "జీవశాస్త్రం మానేస్తానంటోంది. నా దగ్గరున్న పిల్లల్లో అందరికన్నా ఎక్కువ తెలిసినది ఆ పిల్లకే. ఇంకోసారి రాయి, నేను సహాయం చేస్తానన్నాను. నాకు అవసరం లేదు గ్రెగ్ అంది." ఆగి, "మొదటిసారి నా పేరు పెట్టి పిలిచింది" అన్నాడు. దానికి ఆయన సంతోషించలేకపోయాడు.

అసలు పరీక్షల్లో లెక్కలు, రసాయనశాస్త్రం రాసింది. జీవశాస్త్రం రోజు జూన్ హాజరు కాగితాలు తెచ్చుకుని సరిచూస్తూ, ఒక పేరు దగ్గర ఆగి గైర్హాజరు అని రాసింది. ఆ ఒక్క మాట రాయడానికి ఆమెకు మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది.

ఆగస్టులో ఫలితాలు. పిల్లలు కవర్లు చింపుకుని కౌగిలించుకుంటున్నారు, ఏడుస్తున్నారు. వరుస తగ్గిపోయాక కెజియా వచ్చింది. ఆశ్రమంలో వేసుకునే ఊదారంగు చొక్కా మీదే వచ్చింది. నాలుగడుగుల వెనక సలోమి. తల్లీకూతుళ్ళు ఒకేచోట నుంచి వచ్చినవాళ్ళలా లేరు. కెజియా అప్పటికే ఇంట్లోంచి వెళ్ళిపోయి, పనిచేసేచోట ఇద్దరమ్మాయిలతో గది తీసుకుందని వాళ్ళు రాకముందే జూన్ ఎవరితోనో అంటుంటే విన్నాను.

కవరు ఇచ్చింది జూన్. కెజియా తెరవలేదు. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు, తను పుస్తకాలు పెట్టుకునే లాకరు తాళంచెవి బల్ల మీద పెట్టింది. "ఇవి ఇచ్చేసి పోదామని వచ్చాను" అంది.

జూన్ లేచి అద్దాల తలుపు తీసి నన్ను బయటికి తెచ్చింది. సంచి దుమ్ము తుడిచింది. "ఇదీ తీసుకుపో. ఏడాది దాటితే పారేయమంటారు. నాకు మనసొప్పలేదు. నీదే కదా?"

కెజియా నన్ను చూసింది. వెనకవైపు తిప్పి కూడా చూసింది. కోపంగా లేదు. ఎవరో పరాయివాళ్ళ వస్తువును బస్సులో పక్కసీట్లో చూసినట్టు చూసింది.

"నాది కాదు" అని, కవరు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. తలుపు దగ్గర తల్లి పక్కనుంచే వెళ్ళింది. సలోమి "కెజీ" అని పిలిచింది. ఆగలేదు. మెట్లమీద అడుగులు కిందికి దిగిపోవడం కాసేపు వినిపించింది.

సలోమి అక్కడే నిలబడిపోయింది. తర్వాత బల్ల దగ్గరకు వచ్చింది. ఆమె ఇంగ్లీషు ఆ మూడేళ్ళలో బాగా సాఫీ అయింది, కానీ ఆ పూట మాటకూ మాటకూ మధ్య ఆగుతూ మాట్లాడింది.

"అది నాది. దాని వెనక రాసింది నేను. మా అమ్మాయి కాదు. నేనే రాశాను."

జూన్ కళ్ళద్దాలు సర్దుకుంది. సలోమి వెనక ఇంకో ముగ్గురు పిల్లలు నిలబడి ఉన్నారు, ఫోను మోగుతోంది. ఏడాది కిందటి గదిలో ఎవరు ఏమన్నారో జూన్‌కు ఆ క్షణాన గుర్తున్నట్టు లేదు.

"ఓ, మీదా? మంచిది" అంది జూన్. సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టింది. "వస్తువు పేరు ఇక్కడ రాయండి. ఇక్కడ మీ పేరు. కింద సంతకం చేస్తే సరిపోతుంది."

కాగితం కదలకుండా సలోమి దాన్ని నా మీదే పెట్టుకుంది. మూడూ రాసి, కాగితం వెనక్కిచ్చి, ఇంకేమైనా అడుగుతుందేమోనని ఆగింది. జూన్ దాన్ని చదవకుండా ఫైల్లో పెట్టి, ఆమె భుజం మీదుగా చూసి, తర్వాత ఎవరని అడిగింది.